‘అప్పుడే వంద షేర్లు కొని ఉంటే’ అంటున్న కొడుకు, రిటైర్మెంట్ పైసలున్న తండ్రి

ప్రశ్న: సార్, మాది భూపాలపల్లి. సింగరేణిలో 34 ఏళ్లుగా బాయి పని చేస్తున్నాను. వచ్చే ఏడాది రిటైర్మెంట్. చిన్నబ్బాయి హన్మకొండలో బీటెక్ మూడో సంవత్సరం. 1993లో ఇన్ఫోసిస్‌లో పదివేలు పెట్టినవాళ్లకు ఇప్పుడు 15 కోట్లు అయ్యాయని ఏదో వీడియో చూశాడు. అప్పటి నుంచి ప్లేస్‌మెంట్ పరీక్షలు రాయను, ఇన్వెస్టర్‌నవుతా అంటున్నాడు. నా గ్రాట్యుటీలో 8 లక్షలు ఇస్తే ఒక బ్యాటరీ కంపెనీ షేర్లు కొని ఇరవై ఏళ్లు కదపడట. ఇవ్వాలా, వద్దా? ఈ లైన్‌లో పోతే వాడు బతుకుతాడా?

జవాబు: అన్నా, ముందు మీవాడికి న్యాయం చేద్దాం. వీడియోలో చెప్పిన లెక్క నిజమే. నేనూ కాగితం మీద వేసి చూశాను. 1993 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ ఒక్కో షేరు 95 రూపాయలకు ఇచ్చింది. వంద షేర్లకు 9,500. 1994, 1997, 1999లో ఒకటికి ఒకటి బోనస్ (ఉన్న ఒక్కో షేరుకు ఇంకొకటి ఉచితంగా) ఇచ్చేసరికి వంద కాస్తా 800 అయ్యాయి. 2000లో షేరును రెండుగా విడగొట్టారు, 1,600. 2004లో ఒకటికి మూడు బోనస్, 6,400. 2006, 2014, 2015, 2018లో మళ్లీ ఒకటికి ఒకటి. మొత్తం 1,02,400 షేర్లు. షేరు 1,500 రూపాయలు అనుకుంటే 15 కోట్లు దాటుతుంది. డివిడెండ్లు, అంటే కంపెనీ లాభంలోంచి పంచే వాటా, అదనం. ఏడాదికి సగటున 35 శాతం దాకా పడుతుంది.

కానీ ఆ వంద షేర్లు ముప్పై ఏళ్లకు పైగా అమ్మకుండా పెట్టుకున్న మనిషి ఎవరు? అసలు 1993లో ఆ ఇష్యూకు పూర్తి దరఖాస్తులే రాలేదు. జూన్‌లో మార్కెట్లోకి వచ్చిన రోజు 145 పలికింది. అంటే నాలుగు నెలల్లో వంద షేర్ల మీద 5 వేల లాభం. ఆనాడు 5 వేలంటే ఎంతో బాయిలో జీతం తీసుకున్న మీకు నేను చెప్పక్కర్లేదు. నేనైతే అమ్మేసేవాణ్ణి. అప్పుడు అమ్మనివాడు 2003 ఏప్రిల్‌లో ఒక్కరోజే షేరు పావు వంతుకు పైగా పడిపోతే చూస్తూ కూర్చోవాలి. 2013 ఏప్రిల్‌లో ఒక్కరోజే ఐదో వంతు పోతే మళ్లీ కూర్చోవాలి. ఆ సమయంలో ఇంట్లో ఆడపిల్ల పెళ్లో, ఆసుపత్రి ఖర్చో లేకుండా ఉండాలి. ఇన్ఫోసిస్ 1994లోనే ఉద్యోగులకు షేర్లిచ్చే పథకం పెట్టింది. ఆ షేరుతో కోటీశ్వరులైనవాళ్లలో చాలామంది అక్కడ కొలువు చేసినవాళ్లే. ఇల్లు జీతంతో గడిచింది కాబట్టి షేరును ముట్టుకునే అవసరం రాలేదు. మీవాడు ఆ కథలోంచి కొలువు తీసేసి షేరు ఒక్కటే పట్టుకున్నాడు.

రెండేళ్ల కింద ఒక రిటైర్డ్ టీచర్ నా దగ్గరికి మనవడి చదువు గురించి మాట్లాడడానికి వచ్చారు. పోతూ పోతూ సంచిలోంచి పాత షేర్ సర్టిఫికెట్లు తీసి, వీటికి ఏమైనా వస్తుందా అని అడిగారు. అన్నీ 1992-95 మధ్యవి. ఇనుప పెట్టెలో భూమి పట్టాతో కలిపి దాచారట, అంచులు ఎర్రబడి ఉన్నాయి. మొత్తం ఏడు కంపెనీలు. ఆరింటి జాడ ఎంత వెతికినా దొరకలేదు. ఒకటి ఉంది. అందులోనూ ఏళ్ల తరబడి డివిడెండ్ తీసుకోకపోవడంతో షేర్లు కేంద్ర ప్రభుత్వ ఐఈపీఎఫ్ నిధికి వెళ్లిపోయాయి. వాటిని వెనక్కి తెచ్చుకోవడానికి ఆయన ఇప్పటికీ కాగితాలు పెడుతూనే ఉన్నారు. ఆయనా ఆ రోజుల్లో పేపర్లు చదివి, నలుగురిని అడిగే కొన్నారు. ఆ ఆరు కంపెనీల మీద ఎవరూ వీడియో చేయరు.

అమెరికాలో హెండ్రిక్ బెసెంబైండర్ అనే ప్రొఫెసర్ 1926 నుంచి 2016 దాకా అక్కడి మార్కెట్లోకి వచ్చిన 25 వేలకు పైగా కంపెనీల లెక్క తీశారు. ప్రభుత్వానికి అప్పిస్తే వచ్చే వడ్డీని మించి పుట్టిన సంపదంతా అందులో 4 శాతం కంపెనీల నుంచే వచ్చిందని తేలింది. మన దగ్గర సత్యం కంప్యూటర్స్ సంగతి తెలిసిందే. 2008 సెప్టెంబర్‌లో పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు, 2009 జనవరి 7న లెక్కలు తప్పని ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం. ఆ ఒక్కరోజే షేరులో నూటికి 75 రూపాయలకు పైగా పోయాయి. తర్వాత దాన్ని కొన్న టెక్ మహీంద్రానే 2020లో మన వరంగల్ దగ్గరి మడికొండలో ఆఫీసు తెరిచింది. గమనించండి, సత్యంలో పనిచేసిన ఇంజినీర్లలో చాలామందికి చేతిలో పని ఉంది కాబట్టి ఇంకోచోట కొలువు దొరికింది. షేరు పట్టుకున్నవాడికి ఆ దారి లేదు. ఎనుమాముల యార్డులో నిరుడు మిర్చికి ధర వచ్చిందని ఈ ఏడు ఉన్న భూమంతా మిర్చే పెట్టిన రైతు సంగతి మీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు కెరీర్ మాట. షేరు కొని ఇరవై ఏళ్లు కదపకుండా ఉంచడం పది నిమిషాల పని. మిగతా రోజులు మీవాడు ఏం చేస్తాడు? ఏం తింటాడు? ఖర్చులకు నెలనెలా కొన్ని అమ్మాలి, లేదంటే ట్రేడింగ్‌లోకి దిగాలి. నా దగ్గరికి వచ్చే పిల్లలు చాలావరకు ఈ రెండోదానికే జారుతున్నారు, ముఖ్యంగా ఆప్షన్లకు, అంటే షేరు ధర పెరుగుతుందా పడుతుందా అని కట్టే పందెంలాంటి ఒప్పందాలకు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది.

వాడికి మార్కెట్ మీద నిజంగా ఇష్టముంటే తిట్టకండి, దారులున్నాయి. సెబీ ఏర్పాటు చేసిన ఎన్ఐఎస్ఎం సంస్థ రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష పెడుతుంది. కంపెనీ బ్యాలెన్స్ షీట్ చదవడం రావాలంటే దానికి చదివితే చాలు, సెలవుల్లో పూర్తి చేయొచ్చు. సెబీ గ్రేడ్ ఏ ఆఫీసర్ పోస్టుల్లో ఇంజినీర్లకూ అవకాశం ఉంది. పెట్టుబడుల రంగంలో అంతర్జాతీయ పరీక్ష సీఎఫ్ఏ మొదటి లెవెల్ ఫైనలియర్‌లోనే రాయొచ్చు, కానీ ఫీజు డాలర్లలో ఉంటుంది కాబట్టి తొందరపడొద్దు. ఏడాది కొలువు చేసి సొంత పైసలతో కట్టుకోమనండి. బ్రోకింగ్ సంస్థలకు, ఎక్స్చేంజీలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లూ కావాలి. బీటెక్‌తో నేరుగా పోగలిగిన దారుల్లో అదొకటి. వీటిలో ఏది పట్టుకున్నా ప్లేస్‌మెంట్ పరీక్షలు మాత్రం రాయాలి.

8 లక్షలు ఇవ్వకండి. మీకు చేతికొచ్చే ఆఖరి పెద్ద మొత్తం అది. 90ల్లో సింగరేణి ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్ఆర్ దాకా వెళ్లిన రోజులు మీరు చూశారు, ఒక్క కంపెనీని నమ్ముకుంటే నిద్ర ఎలా పడుతుందో మీకు తెలుసు. అప్పుడు పనికి పోతే జీతమైనా వచ్చేది. సరదా తీరడానికి వాడికి పదివేలు ఇవ్వండి, పోయినా అడగనని చెప్పి ఇవ్వండి. మొదటి జీతం వచ్చాక నెలకు 5 వేలు ఇండెక్స్ ఫండ్‌లో (ఒక్క కంపెనీ కాకుండా మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో పెట్టే ఫండ్) వేసుకుంటూ పోతే 25 ఏళ్లకు కట్టింది 15 లక్షలు. 8 శాతం వచ్చినా 47 లక్షల చిల్లర, 12 శాతం వస్తే 95 లక్షల దగ్గర. 12 వస్తుందని ఎవరూ రాసివ్వరు. 15 కోట్ల ముందు ఇది చప్పగా ఉందని వాడు అంటాడు, అననివ్వండి.

ఒక పని చెప్పండి. ఆ బ్యాటరీ కంపెనీ గురించి ఒక పేజీ రాయమనండి: అప్పు ఎంత, ప్రమోటర్లు (కంపెనీని నడిపే యజమానులు) తమ షేర్లు ఎంత తాకట్టు పెట్టారు, గత ఐదేళ్లలో లాభం ఎంత, అందులో చేతికొచ్చిన నగదు ఎంత, ఏం జరిగితే అమ్మేస్తాడు. వీడియో చూసి కాదు, కంపెనీ వార్షిక నివేదిక దగ్గర పెట్టుకుని. రాస్తే ఆ పేజీ పట్టుకుని నా దగ్గరికి రమ్మనండి, కూర్చుని చదువుతా. రాయలేకపోయినా రమ్మనండి. ఫైనలియర్ మొదలవగానే కంపెనీలు వస్తాయి, ఆప్టిట్యూడ్‌కు ఇప్పుడు మొదలుపెడితేనే అందుకుంటాడు.