అద్దం ముందు కాదు, ఆవిడ ముందు చెప్పండి

ప్రశ్న: మేడమ్, మీ సమయం వృథా చేస్తున్నందుకు ముందుగా సారీ. నాది చాలా చిన్న సమస్య. నాకు 34 ఏళ్ళు. ఆఫీసులో పక్క సీటు ఆవిడ సాయంత్రం బయల్దేరుతూ తన ఫైలు నా బల్ల మీద పెట్టి, ‘నువ్వైతే చకచకా చేసేస్తావు’ అంటుంది. నాకు నోరు పెగలదు. నవ్వి తీసుకుంటాను. ఇంట్లోనూ అంతే, ఎవరికి కోపం వచ్చినా తప్పు నాదేనేమో అనిపిస్తుంది. ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూటకి బాగుంటుంది, మర్నాటికి మళ్ళీ మామూలే. ఎవరో చెబితే రోజూ అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పదాన్ని’ అనుకుంటున్నాను. అనుకున్నకొద్దీ ఇంకా దిగులేస్తోంది. దీనికి కూడా నేను పనికిరానేమో! ఆత్మగౌరవం ఎలా పెంచుకోవాలి? ఉత్తరం పెద్దదైపోయింది, సారీ.
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరానికి అటొక సారీ, ఇటొక సారీ కాపలా కాస్తున్నాయి. రెండూ కొట్టేసి మళ్ళీ చదివాను. చెప్పదలచుకున్నదాంట్లో ఒక్క ముక్క తగ్గలేదు. ‘చిన్న సమస్య’ అన్నది కూడా కొట్టేశాను. చిన్నదైతే ఇంత ఉత్తరం రాసేవారు కాదు.

ముందు అద్దం సంగతి తేల్చేద్దాం. అది పని చేయకపోవడంలో మీ లోపమేమీ లేదు. కెనడాకి చెందిన జోయాన్ వుడ్ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు 2009లో ఇదే విషయం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని పదే పదే అనుకోమంటే, తమ మీద తమకు బొత్తిగా సదభిప్రాయం లేనివాళ్ళ మనసు బాగుపడకపోగా ఇంకాస్త పాడైంది. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. నమ్మని మాట చెబితే మనసు ఊరుకోదు, ‘మొన్న ఏం జరిగిందో మర్చిపోయావా?’ అని పాత లెక్కలన్నీ బయటికి తీస్తుంది. కాబట్టి రేపటి నుంచి అద్దాన్ని తల దువ్వుకోవడానికే వాడండి.

ఇక మెప్పు ఒక్క పూటకే సరిపోవడం. మనిషి తన విలువను దేనికో ఒకదానికి తగిలించుకుంటాడని జెన్నిఫర్ క్రాకర్ అనే సైకాలజిస్టు చాలాకాలం పరిశోధించారు. కొందరు అందానికి, కొందరు చేసే పనికి, కొందరు ఎదుటివాళ్ళ ఇష్టాయిష్టాలకి. మీరు తగిలించింది ఆ మూడోదానికి. పక్క సీటు ఆవిడ నవ్వితే మీ విలువ పెరుగుతోంది, మొహం ముడిస్తే పడిపోతోంది. ఆవిడకు ఆ రోజు తలనొప్పి వచ్చి మొహం ముడిచినా మీకు నష్టమే!

మీరేమో ముందు ఆత్మగౌరవం రావాలి, తర్వాత ‘కుదరదు’ అనగలను అనుకుంటున్నారు. నేను చూసినంతలో అది తిరగేసి జరుగుతుంది. మీ సాయంత్రానికి విలువుందన్నట్టు మీరు నడుచుకోవడం మొదలుపెడితే, ఆ నమ్మకం వెనకాల మెల్లగా వస్తుంది. అందుకే ఫైలు దగ్గర మొదలుపెట్టండి. ఈసారి ఆవిడ బల్ల మీద పెట్టగానే ‘ఈ రోజు నాకు కుదరదండీ’ అనండి. అంతే. తలనొప్పి, చుట్టాలు, అర్జెంటు పని ఏవీ కల్పించొద్దు. కారణం చెబితే ఆవిడ దానికో పరిష్కారం చూపిస్తుంది, మీరు మళ్ళీ ఇరుక్కుంటారు.

అసలు కష్టం మాట అన్నాక మొదలవుతుంది. ఆవిడ ఏమీ అనకుండా మీ వంక చూస్తుంది. చెవులు వేడెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది, ‘పోనీ రేపు చేస్తాలెండి’ అని నాలుక చివరిదాకా వస్తుంది. ఆ కాసేపు నోరు కట్టుకోండి. కావాలంటే ఫైలు తీసి ఆవిడ చేతికివ్వండి, చేతులకైనా పనుంటుంది. ఆ రాత్రి ఏదో తప్పు చేసినట్టు టెన్షన్ కూడా పడతారు. తప్పు చేస్తేనే అలా ఉంటుందనుకోకండి, ఏళ్ళ అలవాటు తెగినా అలాగే ఉంటుంది. అన్నట్టు, ఆవిడ చెడ్డదని నేననను. అడగ్గానే పని అయిపోతుంటే ఎవరైనా అడుగుతారు.

సారీ అనే మాటను పూర్తిగా మానేయమనీ చెప్పను. నిజంగా మీ వల్ల పొరపాటు జరిగితే ఒక్కసారి చెప్పండి, దాన్ని సరిదిద్దండి, వదిలేయండి. ఎదుటివాళ్ళకి కోపం వచ్చిందని మాత్రం సారీ చెప్పకండి.

ఇంటి గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ కోపం మాటలతో ఆగుతోందా? అక్కడ మీకు భయం వేసేంతగా ఉంటే ‘కుదరదు’ అనే సాధన అక్కడ చేయొద్దు. ముందు నమ్మకమైనవాళ్ళకి విషయం చెప్పి, సాయం తీసుకోండి. అలాగే ఈ దిగులు రెండు వారాలు దాటి రోజంతా వెంటాడుతున్నా, నిద్రా ఆకలీ తగ్గినా మానసిక వైద్యుల్ని కలవండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయికి 10 ఏళ్ళు. వాడిలో ఆత్మవిశ్వాసం పెరగాలని ‘నువ్వు చాలా తెలివైనవాడివిరా’ అని రోజూ అంటుంటాను. అయినా లెక్క తప్పితే పుస్తకం విసిరేస్తున్నాడు. ఇంకా మెచ్చుకోవాలా?
– ఒక తండ్రి

జవాబు: వద్దండీ, అది కాస్త తగ్గించండి. లెక్క కుదిరితే తెలివైనవాడైనప్పుడు, తప్పితే ఏమైనట్టు? వాడికి ఆ అర్థం మీరు చెప్పకుండానే తెలిసిపోయింది. క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే సైకాలజిస్టులు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో పాల్గొన్నదీ ఇంచుమించు ఈ వయసు పిల్లలే. తెలివిని మెచ్చుకున్న పిల్లలు ఓసారి కష్టమైన ప్రశ్నల దగ్గర దెబ్బతిన్నాక, మొదట్లాంటి తేలిక ప్రశ్నలకి కూడా మునుపటికన్నా తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. కష్టపడ్డారని మెచ్చుకున్నవాళ్ళు మెరుగయ్యారు. కాబట్టి వాడు చేసినదాని పేరు పెట్టి చెప్పండి: ‘మొదటి దారి కుదరకపోతే రెండోది వెతికావే!’ లెక్క తప్పినప్పుడు పక్కన కూర్చోండి, మీ మొహం మాత్రం మారకూడదు. విసిరేసిన పుస్తకం మీరు తీయకండి, వాడిచేతే తీయించండి.