కరెంటు పోతే మేడ మీద సోలార్ కూడా ఎందుకు ఆగిపోతుంది? మైక్రోగ్రిడ్ ఉంటే ఏం మారుతుంది?

మామూలు సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) గ్రిడ్ వోల్టేజీని, అంటే బయటి కరెంటు లైన్ల వోల్టేజీని, చూసి నడుస్తుంది. గ్రిడ్ పోతే, లైన్ బాగుచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా తనంతట తానే ఆగిపోతుంది. అందుకే 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్ లాంటి తుపానుకు ప్యానెళ్లు ఒక్కటే సరిపోవు.

మైక్రోగ్రిడ్ అంటే సోలార్, బ్యాటరీలతో ఆసుపత్రి లాంటి ఒక చోటికి సొంతంగా కరెంటు ఇవ్వగల చిన్న గ్రిడ్. గ్రిడ్ పోగానే దాన్ని నడిపే కంట్రోలర్ ముందుగా బయటి లైన్‌తో సంబంధం తెంచేస్తుంది. అప్పుడు బ్యాటరీ ఇన్వర్టరే వోల్టేజీని, 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీని నిలబెడుతుంది. సోలార్ దాన్ని అనుసరిస్తుంది.

అసలు తెలివి ఆ తర్వాతే కావాలి. మబ్బు కమ్మితే ఏసీలు ఆపి ఐసీయూకి, మంచినీటి మోటార్లకు కరెంటు ఉంచాలి. బ్యాటరీ నిండాక ఎండ ఎక్కువైతే సోలార్‌ను తగ్గించాలి. అన్నిటికంటే ముఖ్యం, నా దృష్టిలో, తుపాను హెచ్చరిక రాగానే గ్రిడ్ ఉండగానే బ్యాటరీని పూర్తిగా నింపడం. ఆ రెండు మూడు రోజులు ఎండను నమ్ముకోలేం.