జపాన్ చూడని ఏసా గ్రే జపాన్ మొక్కల గురించి ఎలా చెప్పగలిగారు?

జపాన్‌లో ఎన్నడూ అడుగు పెట్టని అమెరికా వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే, అక్కడి మొక్కలకూ ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు మొక్కలకూ ఉన్న దగ్గరి పోలికను ఎలా నిర్ధారించారో తెలియక మీ వ్యాసం ఆగిపోయిందని రాశారు. దీనికి సమాధానం ఆయన పని చేసిన తీరులోనే ఉంది. 1831లో వైద్యపట్టా పొందినా వృక్షశాస్త్రం వైపే మొగ్గిన గ్రే, 1842లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆయన పరిశోధన ప్రధానంగా ఇతరులు సేకరించి పంపిన ఎండు నమూనాల మీదనే సాగింది.

1850లలో ఉత్తర పసిఫిక్ అన్వేషణ యాత్రలో మొక్కల సేకర్త చార్లెస్ రైట్ జపాన్‌లో సేకరించిన మొక్కలను గ్రే తన దేశపు నమూనాలతో పోల్చి చూసినప్పుడు, వాటి బంధువులు చేరువలోని పశ్చిమ అమెరికాలో కంటే దూరాన ఉన్న తూర్పు అమెరికాలోనే ఎక్కువగా కనిపించాయి. జిన్‌సెంగ్ అనే ఔషధ మొక్క ప్రజాతి (దగ్గరి సంబంధం గల జాతుల సమూహం) ఇందుకు చక్కని ఉదాహరణ. ఒకప్పుడు ఉత్తరార్ధగోళం పైభాగమంతటా పరచుకున్న వృక్షసంపద, హిమయుగపు చలికి దక్షిణానికి జరిగి, అనుకూలమైన చోట్ల మాత్రమే నిలిచిందని 1859లో ఆయన వివరించారు. డార్విన్ తన పరిణామ సిద్ధాంత సారాంశాన్ని 1857 సెప్టెంబరులోనే ఆయనకు లేఖగా పంపారు కనుక, పోలిక గల జాతులకు ఉమ్మడి పూర్వీకులు ఉంటారన్న ఆలోచన గ్రేకు అప్పటికే పరిచయం. (ఈ లేఖను మీరు తప్పక ప్రస్తావించండి.)

అయితే అన్ని ప్రజాతులూ ఒకే కాలంలో విడిపోలేదని నేటి డీఎన్ఏ అధ్యయనాలు చూపుతున్నందున, కాలనిర్ణయం విషయంలో మాత్రం గ్రే మాటను యథాతథంగా తీసుకోవద్దు.