బోటులో పాటలకు వేరే బ్యాటరీ ఉండాలి

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. పోయినేడాది 18 అడుగుల పాత అల్యూమినియం బోటు కొన్నాం. పిల్లలు అడుగుతున్నారని పాత కారు స్టీరియో, స్పీకర్లు తెచ్చి నేనే బిగించాను. మొన్న లేక్ లూయిస్‌విల్ మధ్యలో లంగరేసి మూడు గంటలు పాటలు విన్నాం. తిరిగొద్దామంటే ఇంజన్ స్టార్ట్ కాలేదు. చీకటి పడుతుంటే ఎవరో తమ బోటుకు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. స్పీకర్లూ తుప్పు పట్టాయి. ఈసారి ఎలా బిగించాలి?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: బోటులో పిల్లలున్నారని చదవగానే గుండె ఝల్లుమంది. అందుకే ముందు బ్యాటరీ సంగతి చెబుతాను.

ఇంజన్ బ్యాటరీ ఒక్కసారిగా బోలెడు కరెంటు ఇవ్వడానికి చేసింది, గంటల తరబడి ఇవ్వడానికి కాదు. పాటలకు డీప్ సైకిల్ బ్యాటరీ, అంటే గంటల తరబడి నిదానంగా కరెంటు ఇచ్చేది, వేరే పెట్టండి. లెడ్ యాసిడ్ రకం బ్యాటరీ 80 ఆంపియర్ అవర్లది (అంటే ఒక ఆంపియర్ చొప్పున 80 గంటలు ఇచ్చేది) అయితే సగమే వాడుకోవాలి. స్టీరియో 4 ఆంపియర్లు లాగితే పది గంటలొస్తుంది. యాంప్లిఫయర్ పెడితే అది ఇంకా ఎక్కువ లాగుతుంది, ఈ లెక్క పనికిరాదు. రెండు బ్యాటరీల మధ్య ఛార్జింగ్ రిలే వేయించండి. ఇంజన్ నడిచేటప్పుడు అది రెండింటినీ కలిపి ఛార్జ్ చేయిస్తుంది, ఆగాక విడదీస్తుంది. ఇక్కడ మాత్రం డబ్బు చూసుకోవద్దు.

మీరు రాయలేదు గానీ, కారు అలవాటుకొద్దీ నెగెటివ్ వైరును బోటు బాడీకే బిగించారేమోనని నా అనుమానం. కారులో అది చెల్లుతుంది. అల్యూమినియం బోటులో ఆ కరెంటు నీళ్లలోకి దారి వెతుక్కుంటుంది, లోహాన్ని తినేస్తుంది. ఆ స్క్రూ విప్పి చూడండి. చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే తినడం మొదలైనట్టే. నెగెటివ్ వైరు కూడా బ్యాటరీ దాకా వెళ్లాల్సిందే.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నేను పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రీ ఓ పాత వైరు కోసి నా చేతిలో పెట్టారు. పైతొడుగు కొత్తదానిలా ఉంది. లోపల రాగి మాత్రం జానెడు పొడవునా నల్లబడి, చిలుము పట్టి, గోటితో గీస్తే పొడిపొడిగా రాలింది. కొసన దూరిన తేమ పోగుల వెంట లోపలికి పాకుతుంది. అందుకే కళాయి పూసిన రాగి వైరు కొనండి, మెరైన్ షాపులో ‘టిన్డ్’ అని అడగండి. జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టొద్దు. క్రింప్ చేసి (లోహపు తొడుగులో పెట్టి పట్టకారుతో నొక్కి), జిగురున్న హీట్ ష్రింక్, అంటే వేడి చేస్తే బిగుసుకునే గొట్టం, వేయండి.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు 7 అంగుళాల లోపు ఉండాలి. స్టీరియో వెనక ఉన్న చిన్న ఫ్యూజు స్టీరియోనే కాపాడుతుంది, బ్యాటరీ నుంచి వచ్చే వైరును కాదు. స్టీరియో పసుపు వైరు మెమరీ కోసం ఎప్పుడూ కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. బోటు వారాల తరబడి ట్రైలర్ మీదే ఉంటుంది కదా, దాన్నీ స్టీరియోను ఆన్ చేసే ఎర్ర వైరుతో కలిపి ఒకే స్విచ్ కిందికి తెండి. స్టేషన్లు మళ్లీ పెట్టుకోవాలి, అంతే.

స్పీకర్లు మెరైన్‌వే, అంటే నీళ్ల తడిని తట్టుకునేలా బోట్ల కోసం చేసినవే, కొనండి. రంధ్రం కోసే ముందు ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి తడమండి, పెట్రోలు పైపు అక్కడే ఉండొచ్చు.

అంతా అయ్యాక నేరుగా లేక్‌కి వెళ్లకండి. ఇంటి ముందే మూడు గంటలు పాటలు పెట్టండి. తర్వాత ఇంజన్‌కు గొట్టంతో నీళ్లు అందిస్తూ తాళం తిప్పండి. స్టార్ట్ అయితేనే పిల్లల్ని ఎక్కించండి.