కూలర్ కొనేముందు స్కేలు పట్టు

అల్లుడు శ్రీకాంత్‌కు,

హాల్లో టీవీ కింద పెట్టే చిన్న కంప్యూటరుకు, ప్రాసెసర్ మీద కూసోని దాని వేడి తీసే కూలర్ ఏది కొనాలె అని అడిగినవు. పేరు ఒకటి చెప్పి ఊకుంటే ఇప్పుడు బాగనే ఉంటది, మే నెలలో నన్ను తిట్టుకుంటవు. కూలర్లను పరీక్షించి అంకెలు చెప్పేటోళ్లు ఎక్కువమంది 20, 22 డిగ్రీల గదిలో కూసోని చెప్తరు. హన్మకొండలో ఎండకాలం పగటిపూట బయట 42, 44 డిగ్రీలు ఉన్న రోజు, ఎండకు కాగిన స్లాబు కింద హాల్లో 36, 38 ఉంటది. ఈ తేడా లెక్కలోకి రాకపోతే మిగిలిన అంకెలన్నీ దండుగ.

కూలర్ ఏదైనా ప్రాసెసర్ వేడిని తీసి చుట్టూ ఉన్న గాలిలోకి తోస్తది, గంతే. ఆ గాలి కంటె చల్లగ చెయ్యడం దానితోని కాదు. అందుకే దాని పనితనాన్ని ‘గది కంటె ఎన్ని డిగ్రీలు ఎక్కువ’ అని చదువుకోవాలె. ఒక చిన్న కూలర్ 65 వాట్ల మీద గది కంటె 45 డిగ్రీలు ఎక్కువ చూపిస్తదనుకో. 22 డిగ్రీల గదిలో అది 67. చూడ ముచ్చటగ ఉంటది. అదే కూలర్ మన హాల్లో, 38 మీద, 83. అద్దాల తలుపులు మూసిన షోకేసులో పెడితే, లోపలి గాలి 48కి ఎక్కిందంటే, 93. నువ్వు అనుకుంటున్న ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటది. కాలిపోతదన్న భయం వద్దు. కానీ అంతదాకా పోకముందే ఫ్యాన్ ఫుల్లుగ తిరిగి, సినిమాలో మాటలు వినపడనియ్యదు. నీకు అసలు బాధ ఆ చప్పుడే.

కాబట్టి కూలర్ కంటె ముందు షోకేసు సంగతి చూడు. వైర్ల కోసం వడ్లాయన వెనక ప్లైవుడ్‌కు కొట్టిన 50, 60 మిల్లీమీటర్ల రంధ్రం గాలికి ఏ మూలకూ చాలదు. కంప్యూటరు వెనక భాగం తగిలే చోట 15 సెంటీమీటర్ల ఎత్తు, 25 వెడల్పు చెక్క కోయించు. పెట్టెకు రెండు పక్కల 5 సెంటీమీటర్లు, పైన 10 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలె. అద్దం తలుపు తీసేస్తే ఇంకా మేలు, ఇంట్లో ఒప్పుకోకపోతే నడిచేటప్పుడన్నా తెరిచి పెట్టు. పడుకోబెట్టే పెట్టెల్లో చాలావాటికి ప్రాసెసర్ పైన జాలి ఉంటది. ఆ జాలి మీద సెట్‌టాప్ బాక్సు పెట్టుడు, దాని మీద రౌటర్ పెట్టుడు, అన్నిటి కింద అల్లికల గుడ్డ పరుచుడు, ఇది ప్రతి ఇంట్లో జరిగేదే. ముందే అత్తమ్మకు చెప్పిపెట్టు.

ప్రాసెసర్ గురించి రెండు మాటలు. పేరు చివర ‘ఎఫ్’ ఉన్నది కొనకు. 12400ఎఫ్ కొంచెం అగ్గువకు వస్తది గానీ దానిలో గ్రాఫిక్స్ ఉండదు, టీవీకి బొమ్మ రావాలంటే విడిగ కార్డు కొనాలె. ఎఫ్ లేని 12400లో ఉన్న యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ 4కే సినిమాలను కుదించి పెట్టే హెచ్‌ఈవీసీ, ఏవీ1 పద్ధతులు రెండిటినీ తనే విప్పుకుంటది. అట్ల విప్పేటప్పుడు ప్రాసెసర్ మీద బరువు పెద్దగ పడదు, కూలర్‌కు పనే ఉండదు. ఫైళ్లు మార్చేటప్పుడు, అప్‌డేట్లు ఎక్కేటప్పుడు, పిల్లలు గేమ్ పెట్టినప్పుడు మాత్రం వేడెక్కుతది. ఉత్త సినిమాలే చూస్తా అంటే ఈ లేఖంతా పక్కకు పెట్టి, 6 వాట్ల ఇంటెల్ ఎన్100 ఉన్న రెడీమేడ్ చిన్న డబ్బా కొనుక్కో. అది కూడా ఏవీ1 ఆడిస్తది, కూలర్ ఎంచుకునే బాధే ఉండదు.

గేమ్ కూడా కావాలె, నోడ్ 202 పెట్టెలోనే కట్టాలె అంటే స్కేలు తియ్యి. ఫ్రాక్టల్ డిజైన్ వాళ్ల ఈ పెట్టెలో ప్రాసెసర్ పైన కూలర్‌కు ఉన్న జాగ 56 మిల్లీమీటర్లు. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ ఎత్తు 37. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 ఎత్తు పేరులోనే ఉన్నది, 47. ఐడీ-కూలింగ్ ఐఎస్-55 పేరు చూసి మోసపోతరు, అసలు ఎత్తు 57. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్12ఎస్ 70. చివరి రెండూ నీ పెట్టెలో పట్టవు. 57కూ 56కూ ఒక్క మిల్లీమీటరే కదా, నొక్కితే పడుతదిలే అనుకోకు. మూత ఫ్యాన్ చట్రాన్ని నొక్కితే రెక్కలు జాలికి రాసుకొని గరగరమంటయి, బరువు పోయి మదర్‌బోర్డు మీద పడి అది వంగుతది. ఎత్తు చూసేటప్పుడు అది ఫ్యాన్‌తో కలిపి చెప్పిందా, విడిగ చెప్పిందా అని కూడా చూడు.

పట్టుతది అన్నంత మాత్రాన గాలి అందుతది అని కాదు. ఈ పొట్టి కూలర్ల ఫ్యాన్ పైనుంచి గాలి గుంజి కింద బోర్డు మీదికి కొడ్తది. దానితోని ప్రాసెసర్ పక్కన కరెంటు దిద్దే భాగాలు, ర్యామ్ కూడా కొంత చల్లబడతయి, అది మంచిదే. ఫ్యాన్ పైన సూటిగ జాలి ఉంటే 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నా నడుస్తది. జాలి లేని రేకు ఉంటే 10 మిల్లీమీటర్లు కూడా చాలవు, ఈల వేసినట్టు చప్పుడు చేసుకుంట వేడెక్కుతది. నీ పెట్టెలో 47 ఎత్తు కూలర్ పెడితే పైన 9 మిల్లీమీటర్లు మిగులుతది. ఆ సందులోంచి ఫ్యాన్ పెట్టెలోని వేడిగాలినే మళ్లీ మళ్లీ గుంజుకుంటది. తలుపు అంచులకు అంటించే 10 మిల్లీమీటర్ల మందం ఫోమ్ టేపు తెచ్చి, ఫ్యాన్ చట్రం చుట్టూ నాలుగు అంచులకు రెక్కలకు తాకకుండ అంటించు. మూత పెట్టినప్పుడు అది కొద్దిగ నొక్కుకొని జాలికి ఆనుతది. ఇగ ఫ్యాన్ బయటి గాలే పీలుస్తది. రెండు రూపాయల పని లెక్కనే గానీ, ఇంకో కూలర్ కొన్నంత తేడా వస్తది.

అడ్డం కొలత కూడా ఉన్నది. ఎల్9ఐ 95 మిల్లీమీటర్ల చదరం, పక్కనున్న ర్యామ్ మీదికి రాదు. ఎక్స్47 కూడా దాదాపు అంతే చదరం, కానీ 170 మిల్లీమీటర్ల మినీ-ఐటీఎక్స్ బోర్డు మీద అన్నీ ఒకదానికొకటి రాసుకునే ఉంటయి. కాబట్టి లైట్లు మెరిసే, తల మీద ఎత్తైన రేకు ఉన్న ర్యామ్ వద్దు. పచ్చ బోర్డు కనపడే మామూలు ర్యామ్ 31 మిల్లీమీటర్లే ఉంటది, టీవీ కింద లైట్లు ఎవలు చూస్తరు?

సాకెట్ తప్పు జరిగేది ఎక్కువగ పాత కూలర్ కొన్నప్పుడు. నీ ప్రాసెసర్ కూసునే సాకెట్ పేరు ఎల్‌జీఏ1700. దాని బోర్డు మీద రంధ్రాల మధ్య దూరం 78 మిల్లీమీటర్లు. ఇంటెల్ 10, 11 తరాల ప్రాసెసర్ల సాకెట్ ఎల్‌జీఏ1200కు 75. పాత కూలర్‌ను గుంజి బిగిస్తే పడ్డట్టే కనపడుతది, ఒక మూల లేచి ఉంటది. నాక్టువాలో పేరు చివర ‘17ఎక్స్ఎక్స్’ ఉన్నది అడుగు. ‘ఎల్9ఐ’ ఇంటెల్‌కు, ‘ఎల్9ఏ’ ఏఎండీకి, ఒక్క అక్షరం తేడా, ఆర్డర్ పెట్టేటప్పుడు కండ్లు పెట్టి చదువు.

ఇగ వాట్లు. 12400 డబ్బా మీద 65 వాట్లు అని ఉంటది. అదే ప్రాసెసర్ జోరు మీద ఉన్నప్పుడు 117 వాట్ల దాకా తాగుతది. కొన్ని మదర్‌బోర్డులు ఆ జోరును ఆపకుండ వదిలేస్తయి. పైన చెప్పిన లెక్కలోనే 117 పెట్టి చూడు, గది కంటె 81 డిగ్రీలు ఎక్కువ. 38కి 81 కలిపితే 119, అంటే 100 దగ్గర గోడకు తగిలి వేగం పడిపోయుడే. 37 ఎత్తు పెట్టినా, 47 ఎత్తు పెట్టినా ఇంత జోరుకు ఏదీ నిలవదు. బయోస్, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి పోతే పవర్ లిమిట్ 1, పవర్ లిమిట్ 2 అని రెండు గళ్లు ఉంటయి, రెండిట్లో 65 పెట్టు. సినిమాకు తేడా సున్నా, గేమ్‌కు లోపలి గ్రాఫిక్స్ వాడితే కనపడనంత. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకుంటే కూడా ఇదే కథ, డబ్బా మీద 65 అని ఉన్నా 88 దాకా పోతది, బయోస్‌లో 45 వాట్ల ఎకో మోడ్ పెడితే 61 దగ్గర ఆగుతది. కానీ దానికి ఏవీ1 రాదు, నీ పనికి 12400 నయం.

ఇన్ని చెప్పినంక నా తీర్పు: 65 వాట్లకు కట్టేసిన 12400 మీద ఎక్స్47. ఎల్9ఐ గట్టి సరుకు, ఫ్యాన్ ఏండ్లకు ఏండ్లు తిరుగుతది, కానీ దాని 14 మిల్లీమీటర్ల పల్చటి ఫ్యాన్ కింద రేకులకు మిగిలేది 23 మిల్లీమీటర్లే. మన ఎండలో ఆ పది మిల్లీమీటర్ల ఎత్తు తేడా పనికొస్తది, ధర కూడా తక్కువ. 43 మిల్లీమీటర్లు మాత్రమే పట్టే ఇంకా చిన్న పెట్టె అయితే ఎల్9ఐ తప్పదు, అప్పుడు ప్రాసెసర్ కూడా ఐ3-12100కు దిగు. నీళ్ల కూలర్ ఈ పెట్టెలో రేడియేటర్‌కు జాగ లేక పట్టదు, పట్టినా పంపు గుయ్యిమంటది. ఫ్యాన్ లేని కూలర్ అంటే నాక్టువా పీ1 లాంటిది 158 మిల్లీమీటర్ల ఎత్తు, మన వాతావరణంలో దాని ఊసే వద్దు.

ప్రాసెసర్‌ను డబ్బాతో కొంటే దానితోని ఒక కూలర్ వస్తది, ఎత్తు కొలిచి పట్టితే ముందు దాన్నే పెట్టి పదిరోజులు చూడు. చప్పుడు నచ్చితే పైసలు మిగిలినయి. నచ్చకపోతే అప్పుడు కొను. హన్మకొండ చౌరస్తా దుకాణాల్లో ఎక్కువగ దొరికేది 150 మిల్లీమీటర్ల టవర్ రకమే, పొట్టివి తెప్పించాలె, లేకపోతే సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోవాలె. కాజీపేటలో పొద్దుగాల బండెక్కితే మాపటికి వాపసు రావచ్చు.

బిగించేటప్పుడు మొదటి తప్పు అడుగున ఉన్న పారదర్శక స్టిక్కర్ తియ్యకపోవుడు. తియ్యి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ నడుమ పెట్టే పేస్టు పాతది ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని తుడువు. కొత్త పేస్టు బఠానీ గింజంత, నడుమ ఒక్క చుక్క, వేలితోని పూయకు. స్క్రూలు ఎదురెదురు మూలలు రెండేసి మలుపులు తిప్పుకుంట అన్నీ ఒక్కతీరుగ దించు. ఒకదాన్నే ముందు బిగిస్తే పేస్టు ఒక పక్కకు జరిగి పోతది. డబ్బా కూలర్ ప్లాస్టిక్ పిన్నులు నాలుగూ టక్కుమన్నయా, బోర్డు వెనకకు తిప్పి చూడు. ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న నాలుగు పిన్నుల చోటనే పెట్టు.

ఫ్యాన్ వేగం బయోస్‌లో ఉన్నది ఉన్నట్టు వదిలేయకు. మన దగ్గర ఎండకాలం ఖాళీగ ఉన్నప్పుడే 50 డిగ్రీలు చూపిస్తది, 50 దగ్గర పెరగడం మొదలయ్యే లెక్క పెడితే ఫ్యాన్ ఊకూకే ఊపందుకుంటది, తగ్గుతది. 62 డిగ్రీల దాకా ఫ్యాన్ వేగం 35 శాతం, 75కు 55, 85కు 100 పెట్టు. వేగం పెరిగే ముందు నాలుగైదు సెకన్లు ఆగే గడి ఉంటే అది కూడా పెట్టు. చెవికి గుచ్చుకునేది చప్పుడు ఎత్తుపల్లాలు.

మూత పెట్టినంక షోకేసులో పెట్టి, ఉష్ణోగ్రత చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం తెరిచి, అరగంట 4కే సినిమా ఆడించు. తర్వాత ప్రాసెసర్‌ను జోరుగ నడిపించే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రాంలో పది నిమిషాల పరీక్ష నడిపించు. పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాసుకో, అది లేకపోతే ప్రాసెసర్ అంకెకు అర్థం లేదు. పరీక్ష మొదలైన పది సెకన్లలోనే 90 దాటితే కూలర్ సరిగ్గ కూసోలేదు, విప్పి మళ్లీ బిగించు. పరీక్ష అయ్యేదాకా నెమ్మదిగ ఎక్కుకుంట పోతే కూలర్ మంచిదే, గాలి ఆడుత లేదు, షోకేసు చూడు. ఈ రెండిటికి తేడా తెలువక అనవసరంగ కూలర్ మార్చేటోళ్లు చాలమంది.

ఎండకాలం మన ఇంట్లో ఇంకో కూలర్ ఉంటది కదా, గడ్డి తడకలది. దాని గాలి సూటిగ కంప్యూటరు మీదికి తిప్పకు. తేమ, బోరు నీళ్ల తుంపర రెండూ పోయి రేకుల మీద తెల్లటి ఉప్పు పేరుస్తయి. గది చల్లబడేట్టు దూరంగ పెట్టు, ఆ మేలు చాలు. ఎనుమాముల వైపు, జిన్నింగు మిల్లుల దగ్గర ఉండేటోళ్ల ఇండ్లల్లోకి దూది నూగు వస్తది, అది రేకుల సందుల్లో దుప్పటి లెక్క అల్లుకుంటది. దేవుని గూడు హాల్లోనే ఉంటే అగరబత్తి, సాంబ్రాణి పొగ ఆ దుమ్మును జిడ్డుగ అంటిస్తది. రెండు నెలలకోసారి పెయింటు బ్రష్షు, బ్లోయర్‌తోని దులుపు, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితోని పట్టుకో, గాలికి గిర్రున తిరిగితే బేరింగు పోతది. బొద్దింకలకు ఆ వెచ్చదనం ఇష్టం, వెనక కోయించిన కంతకు సన్నటి నైలాన్ దోమల జాలి కొట్టించు, దుమ్ము పట్టగానే కడుగు.

ఆర్డర్ పెట్టేముందు మూడు అంకెలు రాసి పంపు: పెట్టెలో కూలర్‌కు ఉన్న ఎత్తు, ర్యామ్ ఎత్తు, మధ్యాహ్నం మూడు గంటలకు షోకేసులో ఉష్ణోగ్రత.

మీ మామ