పాత పంపు కడుగుతుంటే వేలు తెగింది... చేపల తొట్టెలో వాడొచ్చా?

ప్రశ్న: ఎర్రగడ్డ సంతలో చేపల తొట్టెకు వాడిన పాత పంపు కొన్నాను. లోపలి జిగురు గీకుతుంటే వేలు చీరుకుంది. ప్రమాదమా? దాన్ని మా అక్వేరియంలో పెట్టేముందు ఎలా శుభ్రం చేయాలి?
- ఓ పాఠకుడు, ఉప్పల్

జవాబు: ముందు వేలి సంగతి చూద్దాం. గాయాన్ని సబ్బు పెట్టి కుళాయి ధార కింద కడగండి. టీటీ వేయించుకుని ఐదేళ్లు దాటితే ఇప్పుడు మళ్లీ వేయించుకోండి. గాయం మానిపోయినా రెండు నెలలు ఆ చేతిని కనిపెట్టుకుని ఉండాలి. ఎందుకంటే చేపల తొట్టె జిగురులో మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనే క్రిమి ఉండొచ్చు. ఇది క్షయ క్రిమికి దగ్గరి చుట్టం. 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది కాబట్టి, ఒంటికన్నా చల్లగా ఉండే వేళ్లు, చేతుల మీదే ఎక్కువగా కనిపిస్తుంది. మామూలుగా 2-4 వారాలకు నొప్పి అంతగా లేని ఎర్రటి గడ్డలా మొదలై, ఒక్కోసారి చేయి పొడవునా వరసగా పైకి పాకుతుంది. ఐదు రోజుల అమాక్సిసిలిన్‌తో ఇది లొంగదు, సరైన మందులే నెలల తరబడి వాడాలి. అలాంటి గడ్డ కనిపిస్తే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాయకుండా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లి, తొట్టె పంపు కడిగిన సంగతి మీరే చెప్పండి. చెప్పకపోతే ఈ అనుమానం రావడం కష్టం. ముక్క తీసి పరీక్షకు పంపినా, 30 డిగ్రీల దగ్గర కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయమని ల్యాబ్‌కు ప్రత్యేకంగా చెప్పాల్సి ఉంటుంది.

ఇక పంపు. గాయం మానేదాకా దాన్ని పక్కన పెట్టండి. తర్వాత రబ్బరు గ్లోవ్స్ తొడుక్కుని మూత, ఇంపెల్లర్ (నీటిని తోసే చిన్న చక్రం), అది తిరిగే షాఫ్ట్ విప్పి పాత టూత్‌బ్రష్‌తో జిగురంతా తోమేయండి. జిగురు ఉండగా బ్లీచ్ పోస్తే దాని శక్తంతా ఆ మురికికే సరిపోతుంది. పాత స్పాంజి పారేయాల్సిందే. బోరు నీళ్ల గార పట్టి ఉంటే, వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి గంటసేపు నానబెట్టండి. ఆ వెనిగర్ వాసన కూడా మిగలకుండా కడిగాకే బ్లీచ్ ముట్టుకోవాలి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, బాత్‌రూమ్‌లో తలుపేసుకుని చేసేవాళ్లకు ఊపిరాడదు. డాబా మీద చేసుకోండి.

సువాసన కలపని 4-5 శాతం బ్లీచ్ ద్రావణం లీటరు నీళ్లకు 50 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, భాగాలను 15 నిమిషాలు ముంచండి. ప్లగ్ మాత్రం తడవకూడదు. పై క్రిమి క్లోరిన్‌కు మొండిది కాబట్టి, కడిగి ఆరాక విడి భాగాలను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిస్తే నయం. చివరగా చేపల షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్లలో జాడించి, పూర్తిగా ఆరనివ్వండి.

బిగించాక ఒక రోజంతా బకెట్ నీళ్లలో నడిపి చూడండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న లైనుకే కలపండి. ప్లగ్ తీయకుండా నీళ్లలో వేలు పెట్టొద్దు. ఆర్‌సీసీబీ పడిపోయినా, వైరు పైతొడుగు పగిలి ఉన్నా, నీటిపై నూనె తెట్టు కట్టినా అది తొట్టెకు పనికిరాదు. పురుగుమందు డ్రమ్ముల్లో వాడిన పంపయితే ఇంత కడుగుడూ దండగే.