రోజూ ఆకుకూరలు తింటున్నా హిమోగ్లోబిన్ ఎందుకు పెరగడం లేదు?

వారానికి నాలుగుసార్లు తోటకూర పప్పు తింటున్నా హిమోగ్లోబిన్ పది దాటడం లేదని అడిగారు. తప్పు తోటకూరది కాదండీ. హిమోగ్లోబిన్ తయారవడానికి ఐరన్ కావాలి. కానీ కంచంలో ఉన్న ఐరన్ వేరు, ఒంటికి పట్టే ఐరన్ వేరు.

మాంసం, చేపల్లోని ఐరన్‌లో కొంత భాగం తేలిగ్గా ఒంటపడుతుంది. ఆకుకూరలు, పప్పులు, రాగుల్లో ఉండేది మరో రకం, పేగులు దాన్ని కొద్దిగానే పీల్చుకుంటాయి. ఆ కొద్దిని కూడా ధాన్యాలు, పప్పుల్లోని ఫైటేట్లు, టీలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు అడ్డుకుంటాయి. చెయ్యి కడుక్కోగానే టీ గ్లాసు పట్టుకునే అలవాటుంటే ముందు దాన్ని మార్చండి. కనీసం గంట ఆగండి.

విటమిన్ సి దీనికి మంచి విరుగుడు. పప్పు ఉడుకుతున్నప్పుడు కాదు, కంచంలో వడ్డించుకున్నాక నిమ్మచెక్క పిండుకోండి. వేడికి సి విటమిన్ తగ్గిపోతుంది. నిమ్మకాయ లేకపోతే భోజనంతో పాటు ఒక జామకాయ తిన్నా చాలు. మన పెద్దవాళ్లు పప్పన్నంలో నిమ్మరసం పిండుకున్నది రుచి కోసమే అయినా, మేలు ఇక్కడా జరిగింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం కావాల్సిన ఐరన్ ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 19. నెలసరిలో రక్తం పోతుంది కాబట్టే అంత తేడా.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. పది దగ్గరే ఆగిపోయిందంటే తిండి ఒక్కటే సరిపోకపోవచ్చు. డాక్టరుకు చూపించుకోండి, విటమిన్ బి12 కూడా పరీక్ష చేయించండి, అది తక్కువైనా హిమోగ్లోబిన్ తగ్గుతుంది. అది ఆకుకూరల్లో దొరకదు. ఐరన్ మాత్ర ఇస్తే పాలతోనో టీతోనో వేసుకోకండి.